నీటిలో దమ్ము తగ్గినప్పుడు: వేసవి నదిలో ట్రౌట్ చేప



ఈ రోజు పాఠం గాలంతో మొదలవుతుంది, థర్మామీటరుతో ముగుస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. చల్లని కొండ నదుల్లో ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళు వేసవిలో గాలంతో పాటు థర్మామీటరు కూడా జేబులో వేసుకుని వెళతారు. నీళ్ళు ఒక స్థాయికి మించి వేడెక్కితే ఆ రోజు చేపలు పట్టరు, గాలం చుట్టి ఇంటికి వెళ్ళిపోతారు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు మీ ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పుస్తకాల్లోనే ఉంది. కానీ నాకు అది మొదట పుస్తకంలో దొరకలేదు. ఖరగ్‌పూర్‌లో ఒక చెరువు గట్టున దొరికింది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

గోల్‌బజార్‌లో చేపలు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపులో, లోకోషెడ్డులో పని కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్ళి స్థిరపడ్డాయి. మాది అలాంటి ఒక కుటుంబం. నాన్నగారు వర్క్‌షాపులో పనిచేసేవారు. ఆదివారం ఉదయం ఆయన చెయ్యి పట్టుకుని గోల్‌బజార్‌కు వెళ్ళడం నాకు పెద్ద పండుగ. అక్కడ ఒకే సందులో బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా వినబడతాయి. చేపల బేరం మాత్రం అందరూ బెంగాలీలోనే చేస్తారు.

చేపల దుకాణం దగ్గర రెండు దృశ్యాలు నన్ను ఆకర్షించేవి. ఒక పక్క మంచు ముక్కల మీద వరుసగా పేర్చిన శీలావతి, బొచ్చె చేపలు. బెంగాలీలు వాటిని రుయి, కాత్లా అంటారు. దూరం నుంచి వచ్చిన సరుకు కాబట్టి ‘చలానీ’ అని మరో పేరు. వాటిలో చాలా భాగం మన కొల్లేరు, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల చెరువుల నుంచి మంచులో పెట్టి పంపినవే. “మన ఊరి చేప మనకంటే ముందే వచ్చి కూర్చుంది చూడు” అని నాన్నగారు నవ్వేవారు.

రెండో పక్క అల్యూమినియం పళ్ళెంలో చారెడు నీళ్ళు. అందులో మాగుర్, శింగి, కోయ్ చేపలు ప్రాణంతో కదులుతూ ఉండేవి. అంత తక్కువ నీళ్ళలో, మే నెల ఎండలో, అవి గంటల తరబడి ఎలా బతికేవి? శీలావతిని అలా పళ్ళెంలో ఉంచితే ఎందుకు బతకదు? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

తెల్లవారుజామున దొరికిన చేపలు

నాకు పదకొండేళ్ళప్పుడు జరిగిన సంగతి ఇది. జ్యేష్ఠమాసం. ముందు రోజంతా మబ్బు పట్టి, గాలి లేక ఉక్కపోతగా ఉంది. మా క్వార్టర్ల వెనక, కొంత దూరంలో ఒక చెరువు ఉండేది. దాన్ని ఒక ముసలాయన కౌలుకు తీసుకుని చేపలు పెంచేవాడు. మేం ఆయన్ని ‘దాదూ’ అని పిలిచేవాళ్ళం.

తెల్లవారుజామున నేనూ, పక్కింటి అన్నయ్యా గాలాలు పట్టుకుని దొంగచాటుగా ఆ చెరువుకు వెళ్ళాం. చూస్తే ఆశ్చర్యం! వందల చేపలు నీటి పైకి వచ్చి, నోళ్ళు తెరిచి మూస్తూ, గట్టు దాకా చేరి ఉన్నాయి. గాలం అవసరమే లేకపోయింది. చేతులతోనే ఆరు చేపలు పట్టాం. మా అదృష్టం పండిందని ఎగిరి గంతులు వేశాం.

ఇంతలో దాదూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మమ్మల్ని కొడతాడనుకున్నాం. ఆయన మా వైపు చూడనైనా లేదు. చేతిలో ఉన్న పొడుగాటి వెదురుకర్రతో నీళ్ళను బాదడం మొదలుపెట్టాడు. బాదుతూనే “జొలే దొమ్ నేయి, ఖోకా, జొలే దొమ్ నేయి” అన్నాడు. నీళ్ళలో దమ్ము లేదు, బాబూ, అని దాని అర్థం. మేం కూడా చేపలు వదిలేసి, కొమ్మలు తెచ్చి ఆయనతో పాటు నీళ్ళు బాదాం. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఎండ ఎక్కే వేళకు చెరువంతా తెల్లగా పొట్టలు పైకెత్తిన చేపలు. ఆయన గట్టు మీద కూర్చుని తలపట్టుకున్నాడు. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోయింది.

మాకు వరంలా కనబడినది నిజానికి ఆ చేపల ఆఖరి ఊపిరి. “నీళ్ళలో దమ్ము లేదు” అన్న ఆయన మాట ఎంత ఖచ్చితమైన శాస్త్రమో నాకు కాలేజీకి వెళ్ళాక గాని తెలియలేదు.

నీటిలో దమ్ము అంటే ఏమిటి?

చేప నీటిలోని ఆక్సిజన్‌నే పీలుస్తుంది. అయితే నీటి అణువు H₂Oలో బంధింపబడి ఉన్న ఆక్సిజన్ కాదు అది. గాలి నుంచి, నీటి మొక్కల నుంచి వచ్చి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్. నోటితో నీళ్ళు తీసుకుని, మొప్పల మీదుగా పంపి, ఆ కరిగిన ఆక్సిజన్‌ను రక్తంలోకి తీసుకుంటుంది.

ఎంత ఆక్సిజన్ కరిగి ఉంటుందో చూద్దాం. మనం పీల్చే ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక లీటరు మంచినీళ్ళలో కరగగలిగేది సుమారు 9 మిల్లీగ్రాములే! మనకు ఒక లీటరు గాలిలో దొరికేది చేపకు దొరకాలంటే ముప్ఫై లీటర్ల నీళ్ళు కావాలి. అంటే చేప ఎప్పుడూ పొదుపుగా బతికే జీవి. దాని దగ్గర నిల్వ తక్కువ.

ఇప్పుడు వేడిని లెక్కలోకి తీసుకుందాం. ఉప్పు, పంచదార వేడినీళ్ళలో ఎక్కువగా కరుగుతాయని మీకు తెలుసు. వాయువుల విషయంలో ఇది తలకిందులు. నీరు వేడెక్కే కొద్దీ అందులోని వాయువు అణువుల వేగం పెరిగి అవి బయటికి తప్పించుకుంటాయి. సముద్ర మట్టం దగ్గర మంచినీళ్ళలో కరగగలిగే ఆక్సిజన్ లెక్క ఇలా ఉంటుంది.

10 డిగ్రీల దగ్గర లీటరుకు 11.3 మిల్లీగ్రాములు.
20 డిగ్రీల దగ్గర 9.1 మిల్లీగ్రాములు.
30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములు.
35 డిగ్రీల దగ్గర దాదాపు 7 మిల్లీగ్రాములు.

ఇది ఒక వైపు. రెండో వైపు ఇంకా ముఖ్యమైనది. చేప శీతల రక్త జంతువు. మన శరీరంలా అది సొంతంగా 37 డిగ్రీలను నిలుపుకోలేదు. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే దాని శరీరం కూడా ఇంచుమించు అంతే వేడిగా ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శరీరంలోని రసాయన చర్యల వేగం సుమారు రెండు నుంచి మూడు రెట్లు అవుతుంది. అంటే ఊరికే నిలబడి ఉన్న చేపకు కూడా దాదాపు రెట్టింపు ఆక్సిజన్ కావాలి.

రెండింటినీ కలిపి చూడండి. నీరు 10 నుంచి 20 డిగ్రీలకు చేరితే ఆక్సిజన్ రాబడి అయిదో వంతు తగ్గింది. ఖర్చు మాత్రం రెట్టింపయింది. రైల్వే క్వార్టర్లలో పెరిగిన నాకు ఇది సులభంగా అర్థమయ్యే లెక్క. జీతం తగ్గి, ఇంటి ఖర్చు రెట్టింపయితే నెలాఖరు ఎలా గడుస్తుంది? అప్పు చేయాలి. చేప కూడా అప్పు చేస్తుంది. దాన్నే ‘ఆక్సిజన్ రుణం’ అంటాం. వేసవిలో గాలం కథంతా ఈ అప్పు కథే.

ట్రౌట్ ఎవరు? ఎక్కడిది?

ట్రౌట్ చల్లని నీటి చేప. గోధుమ రంగు ట్రౌట్ యూరప్ నదులకు, రెయిన్‌బో ట్రౌట్ ఉత్తర అమెరికా పడమటి తీరపు నదులకు చెందినవి. మన దేశంలోకి వాటిని తెచ్చినవాళ్ళు బ్రిటిష్‌వాళ్ళు. ఇక్కడి కొండ నదుల్లో తమ ఊరి చేపను పట్టుకోవాలని వారి సరదా. 1900 ప్రాంతంలో ఓడల మీద గుడ్లను తెప్పించి కాశ్మీర్‌లో పెంచారు. తరువాత కులూ లోయకు, దక్షిణాన నీలగిరులకు కూడా అవి చేరాయి. నీలగిరుల్లోని అవలాంచి దగ్గర ట్రౌట్ పిల్లల కేంద్రం ఏర్పడింది.

మరి మన గోదావరిలోనో, ఖరగ్‌పూర్‌కు ఉత్తరంగా పారే కంసావతిలోనో ట్రౌట్‌ను ఎందుకు పెంచలేదు? ఆ నదిని అక్కడివాళ్ళు కసాయ్ అంటారు. కారణం ఉష్ణోగ్రతే. గోధుమ ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీళ్ళు హాయి. 20 డిగ్రీలు సమీపించేసరికి తిండి తగ్గిస్తుంది, ఇబ్బంది పడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఎక్కువ కాలం బతకలేదు. మన మైదానాల నదులు వేసవిలో 30 డిగ్రీలు దాటతాయి. మనకు గోరువెచ్చగా, హాయిగా ఉండే నీళ్ళు ట్రౌట్‌కు ప్రాణాంతకం.

మన శీలావతి, బొచ్చె అలా కాదు. అవి వెచ్చని నీళ్ళకు అలవాటుపడిన జాతులు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చక్కగా పెరుగుతాయి. బాగా తగ్గితే మాత్రం అవి కూడా పైకి తేలి నోరు తెరుస్తాయి.

ఇప్పుడు గోల్‌బజార్ పళ్ళెం దగ్గరికి మళ్ళీ రండి. మాగుర్, శింగి, కోయ్, మన కొర్రమీను, ఇవన్నీ నేరుగా గాలిని కూడా పీల్చగలవు. మొప్పలతో పాటు వాటికి ప్రత్యేకమైన శ్వాస అవయవాలు ఉన్నాయి. అందుకే చారెడు నీళ్ళలో ఒళ్ళు తడిగా ఉంటే చాలు. ట్రౌట్‌కు, శీలావతికి అలాంటి సదుపాయం లేదు. వాటికి నీళ్ళలోని దమ్మే దిక్కు.

ఈకలతో చేసిన ఈగ

ట్రౌట్‌ను పట్టడానికి ఒక ప్రత్యేకమైన పద్ధతి ఉంది. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. మనం గాలానికి వానపామునో, పిండి ముద్దనో ఎరగా గుచ్చుతాం. వాళ్ళు చిన్న కొక్కేనికి పక్షి ఈకలు, దారం, బొచ్చు చుట్టి అచ్చం ఈగలాంటి, చిమ్మటలాంటి బొమ్మను తయారుచేస్తారు. ఆ బొమ్మకు బరువు ఉండదు కాబట్టి దాన్ని విసరడం కష్టం. అందుకని గాలం తాడునే బరువుగా చేస్తారు. కర్రను ముందుకూ వెనక్కూ ఊపితే తాడు గాలిలో కొరడాలా చాచుకుని, చివరనున్న ఈగను మెల్లగా నీటి మీద వాలుస్తుంది. చేప నిజమైన పురుగనుకుని అందుకుంటుంది.

వేసవిలో గట్ల మీది గడ్డిలో మిడతలు, చీమలు ఎక్కువ. గాలికి అవి నీళ్ళలో పడతాయి. అందుకని వేసవిలో మిడత బొమ్మను గట్టు పక్కన వేస్తారు. చేప ఎక్కడ ఉంటుందో కూడా ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. ఎండ ముదిరాక ట్రౌట్ నిలకడ నీటిని వదిలి, రాళ్ళ మీద నురగలు కక్కుతూ పారే చోటికి చేరుతుంది. అక్కడ నీళ్ళు గాలితో కలిసి ఆక్సిజన్‌ను తీసుకుంటాయి. లేదా చెట్ల నీడకు, చల్లని ఊట నీళ్ళు కలిసే చోటికి పోతుంది. మంచి జాలరికి నదిని చూడగానే ఆక్సిజన్ ఎక్కడుందో తెలిసిపోతుంది.

కొన్నేళ్ళ క్రితం విద్యార్థులతో కలిసి హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకు వెళ్ళాను. జూన్ నెల. మోకాలు లోతు నీళ్ళలో నిలబడి ఒక పెద్దమనిషి గాలం సిద్ధం చేసుకుంటున్నాడు. ముందు ఒక చిన్న థర్మామీటరును దారానికి కట్టి నీళ్ళలో వదిలాడు. ఒక నిమిషం ఆగి తీసి చూశాడు. “పదమూడు. బాగుంది” అన్నాడు. ఇరవై ఉంటే ఏం చేస్తారని అడిగాను. “టీ తాగి ఇంటికి పోతాను” అన్నాడు. నాకు వెంటనే వెదురుకర్ర పట్టుకున్న దాదూ గుర్తుకు వచ్చాడు.

పట్టి వదిలేసినా చేప చనిపోతుందా?

చాలా చోట్ల ట్రౌట్‌ను పట్టిన తరువాత మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. వదిలేస్తున్నాం కదా, చేపకు ఏం నష్టం అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

గాలానికి చిక్కిన చేప ప్రాణం కోసం పెనుగులాడుతుంది. మీరు వంద మీటర్ల పరుగు పందెంలో పరుగెత్తినట్టే. కండరాలకు ఆక్సిజన్ చాలక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అది ఆక్సిజన్ రుణం. పందెం అయ్యాక మీరు రొప్పుతూ ఆ అప్పు తీరుస్తారు. చేప కూడా నీళ్ళలోకి వెళ్ళి మొప్పలు వేగంగా ఆడిస్తూ అప్పు తీర్చాలి. చల్లని నీళ్ళలో తీర్చగలదు. వేడి నీళ్ళలో రోజు గడవడమే కష్టం, ఇక అప్పు ఎక్కడ తీరుస్తుంది? ఈదుతూ వెళ్ళిపోయినట్టే కనబడుతుంది. కొన్ని గంటల తరువాత ఎక్కడో రాళ్ళ మధ్య చనిపోతుంది. పట్టినవాడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఫొటో కోసం చేపను గాలిలో ఎత్తి పట్టుకోవడం మరింత ప్రమాదం. నీళ్ళు లేకపోతే మొప్పల సన్నని పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చేప శ్వాస ఆగిపోతుంది. 1992లో కెనడాలో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్‌పై చేసిన ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. బాగా అలసిపోయేలా ఈదించిన చేపల్లో 12 గంటల్లోపు 12 శాతం చనిపోయాయి. అలసిన తరువాత 30 సెకన్లు గాలిలో ఉంచిన వాటిలో 38 శాతం చనిపోయాయి. 60 సెకన్లు ఉంచిన వాటిలో 72 శాతం! ఇవి ప్రయోగశాలలోని అంకెలు. నదిలో లెక్క అచ్చంగా ఇలాగే ఉండాలని లేదు. కానీ అలసిన చేపకు అర నిమిషం ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే అనుభవజ్ఞులు కొన్ని నియమాలు పాటిస్తారు. గట్టి తాడు వాడి చేపను త్వరగా దగ్గరికి తెస్తారు. ముల్లు లేని కొక్కెం వాడతారు. చేతులు తడుపుకున్నాకే చేపను ముట్టుకుంటారు, లేకపోతే దాని ఒంటి మీది జిగట పొర ఊడిపోతుంది. చేపను నీళ్ళలోనే ఉంచి కొక్కెం తీస్తారు. ప్రవాహానికి ఎదురుగా తల ఉంచి, అది తనంతట తాను ఈదేదాకా పట్టుకుంటారు. ఈ నియమాలన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. నీళ్ళు 20 డిగ్రీలకు, అంటే 68 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరాయంటే గాలం తీసేస్తారు.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఇది ప్రభుత్వ నియమంగా కూడా ఉంది. వరుసగా మూడు రోజులు నది ఉష్ణోగ్రత 73 డిగ్రీల ఫారన్‌హీట్‌ను, అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్‌ను తాకితే, మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడాన్ని నిషేధించవచ్చు. దీన్ని అక్కడ ‘హూట్ ఔల్’ నియమం అంటారు. హూట్ ఔల్ అంటే గుడ్లగూబ. ఎండాకాలంలో అడవిలో దుంగలు కొట్టే కూలీలు గుడ్లగూబలు ఇంకా కూస్తూ ఉండగానే, తెల్లవారుజామునే పని మొదలుపెట్టేవారట. దాన్నిబట్టి ఆ పేరు వచ్చిందంటారు.

ఒకే శాస్త్రం, రెండు గడియారాలు

ఇక్కడ మీరు నన్ను ఆపి ఒక ప్రశ్న వేయాలి. “అయ్యా, నదిలో తెల్లవారుజామున చేపలు పట్టడం మంచిదంటున్నారు. మీ చెరువులో చేపలు చచ్చిపోయింది కూడా తెల్లవారుజామునే కదా?” ఈ ప్రశ్న మీకు తట్టి ఉంటే మీరు పాఠాన్ని శ్రద్ధగా వింటున్నారన్నమాట.

ముందు నదిని చూద్దాం. నీటి విశిష్టోష్ణం ఎక్కువ. త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కాకుండా సాయంత్రం వైపు నీళ్ళు గరిష్ఠంగా వేడెక్కుతాయి. సూర్యుడు దిగినా ఆ వేడి చాలాసేపు పోదు. మోంటానాలో అర్ధరాత్రి దాకా నిషేధం పెట్టడానికి కారణం ఇదే. రాత్రంతా చల్లారి, సూర్యోదయం వేళకు నీళ్ళు అతి చల్లగా ఉంటాయి. రాళ్ళ మీద పారే నీటికి రాత్రైనా పగలైనా గాలి నుంచి ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. కాబట్టి కొండ నదిలో తెల్లవారుజాము మంచి సమయం.

ఇక చెరువు సంగతి. చెరువు నీరు కదలదు, పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం కంటికి కనిపించని నాచు మొక్కలది. పగలు ఎండలో అవి కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. మధ్యాహ్నానికి చెరువులో ఆక్సిజన్ పుష్కలం. రాత్రి ఆ క్రియ ఆగిపోతుంది. శ్వాసక్రియ మాత్రం ఆగదు. చేపలు, నాచు, అడుగున కుళ్ళే పదార్థాలలోని సూక్ష్మజీవులు, అందరూ ఒకే గిన్నెలోంచి ఆక్సిజన్ తీసుకుంటూ ఉంటారు. పెట్టేవాళ్ళు లేరు, తినేవాళ్ళే ఉన్నారు. తెల్లవారేసరికి గిన్నె అడుగంటుతుంది. ముందు రోజు మబ్బు పట్టి ఉంటే పగటి సంపాదన కూడా తక్కువే. గాలి లేకపోతే నీటి పైభాగం కదలదు, బయటి ఆక్సిజన్ కలవదు. ఆ రోజు మా చెరువులో జరిగింది సరిగ్గా ఇదే. మబ్బు, ఉక్క, వేడి, మూడూ కలిశాయి.

చూశారా? నదిలో ఉష్ణోగ్రత గడియారాన్ని చూడాలి. చెరువులో ఎండ గడియారాన్ని చూడాలి. సూత్రం ఒకటే: చేపకు అందేది ఎంత, చేపకు కావలసింది ఎంత? ఈ రెండు వైపులా చూడకుండా “తెల్లవారుజాము మంచిది” అని బట్టీ పడితే, మాలాగే చచ్చిపోతున్న చేపలను చూసి అదృష్టమనుకుంటారు.

దాదూ వెదురుకర్రతో నీళ్ళు ఎందుకు బాదాడో ఇప్పుడు మీరే చెప్పగలరు. నీళ్ళు చిందితే గాలి తగిలే ఉపరితలం పెరిగి ఆక్సిజన్ కరుగుతుంది. ఆక్వా రైతులు వాడే ఏరేటర్లు చేసే పని కూడా అదే. మబ్బు పట్టిన రోజున అనుభవమున్న రైతు మేత తగ్గిస్తాడు, రాత్రి ఏరేటర్లు తిప్పుతాడు, తెల్లవారుజామున గట్టు మీద ఉంటాడు.

మంచు మీద పెట్టిన చలానీ చేప కూడా ఇదే సూత్రానికి ఉదాహరణ. వేడి పెరిగితే జీవరసాయన చర్యల వేగం పెరుగుతుందన్నాం. చల్లబడితే తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర చేపను కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. అందుకే కొల్లేరు చేప బెంగాల్ దాకా చెడకుండా చేరుతుంది.

ఇది మనకెందుకు?

2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండలో గాలి ఉష్ణోగ్రత 47.2 డిగ్రీలు నమోదైంది. నీటి ఉపరితలం నుంచి ఆవిరి అవుతూ ఉంటుంది కాబట్టి చెరువు నీళ్ళు అంత వేడెక్కవు. మన కుండలో నీళ్ళు చల్లగా ఉండేది కూడా ఆ ఆవిరి వల్లనే. కానీ వేసవులు తీవ్రమవుతున్న కొద్దీ నీళ్ళు కూడా వేడెక్కుతాయి, చేపలకు దొరికే దమ్ము తగ్గుతుంది. కొండల్లో ట్రౌట్ ఇంకా పైకి, ఇంకా చల్లని నీళ్ళకు పోవాలి. పైకి పోవడానికి నది ఎంతవరకు ఉంటుంది? మైదానంలో చెరువు చేపకు ఆ అవకాశం కూడా లేదు.

మనం చేయగలిగింది లేదా అంటే ఉంది. గట్టున చెట్లుంటే నీళ్ళు చల్లగా ఉంటాయి. చెరువులోకి మురుగు, చెత్త వదలకపోతే రాత్రి ఆక్సిజన్ ఖర్చు తగ్గుతుంది. నదిలో నీళ్ళు పూర్తిగా తోడేయకపోతే మిగిలిన నీళ్ళు అంత త్వరగా వేడెక్కవు. వీటిలో ఏదీ కొత్త కనిపెట్టుడు కాదు. చెయ్యాలన్న మనసు కావాలి, అంతే.

చేసి చూడండి

ఒకటి. గాజు గ్లాసులో చల్లని కుళాయి నీళ్ళు పోసి ఎండలో రెండు గంటలు కదపకుండా ఉంచండి. గ్లాసు లోపలి గోడలకు చిన్న బుడగలు అంటుకుంటాయి. అవి నీళ్ళు మరిగి వచ్చిన ఆవిరి కాదు. కరిగి ఉన్న వాయువులు వేడికి బయటికి వచ్చాయన్నమాట.

రెండు. పెద్దవాళ్ళను తోడు తీసుకుని మీ ఊరి చెరువు గట్టుకు వెళ్ళండి. ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, సాయంత్రం 5 గంటలకు నీటి ఉష్ణోగ్రత కొలవండి. ఎండలో ఒకసారి, చెట్టు నీడలో ఒకసారి. వారం రోజులు పట్టిక వేయండి.

మూడు. ఇంట్లో గాజు తొట్టిలో చేప ఉంటే అది నిమిషానికి ఎన్నిసార్లు మొప్ప మూతలు ఆడిస్తుందో ఉదయం, మధ్యాహ్నం లెక్కపెట్టండి. నీళ్ళను మీరు వేడిచేయవద్దు. రోజు తనంతట తాను చేసే ప్రయోగాన్ని మీరు చూస్తే చాలు.

విద్యార్థులారా, చేపను పట్టడం ఒక విద్య. ఎప్పుడు పట్టకూడదో తెలియడం అంతకన్నా పెద్ద విద్య. ఆ రోజు మేం పట్టిన ఆరు చేపలను ఎవరూ తినలేదు. సాయంత్రం నాన్నగారు నన్ను తీసుకెళ్ళి దాదూ ముందు నిలబెట్టారు. నేను తలవంచుకుని నిలబడ్డాను. ఆయన నన్ను తిట్టలేదు. “మళ్ళీ ఎప్పుడైనా చేపలు అలా పైకి వస్తే గాలం తీయకు, కేక వెయ్యి” అన్నాడు. ఈ పాఠంలో నేను మీకు చెప్పదలచుకున్నది కూడా ఆ ఒక్క మాటే.

సెలవు. వచ్చే పాఠంలో మళ్ళీ కలుసుకుందాం.